చావుకి కోటా పెడితే

చావు లేకపోతే భూమి మీద జనం పట్టరు, కాబట్టి ఎవరో ఒకరు కొందరిని చంపుతూ ఉండక తప్పదు. నీల్ షుస్టర్‌మన్ రాసిన 'సైద్' నవల గురించి అడిగితే చదివినవాళ్లు సాధారణంగా చెప్పేది ఇదే. 2016లో అమెరికాలో టీనేజ్ పిల్లల కోసం వచ్చిన నవల ఇది, మూడు భాగాల కథలో మొదటిది. నెల్లూరులో మా మేనకోడలు కూడా చదివింది. చదివి, "మామయ్యా, ఎంత ఘోరమైనా లెక్క ప్రకారం వాళ్లు చేసేది కరెక్టే కదా" అంది. లెక్క అంది కాబట్టి కాగితం తీసుకుని లెక్కే వేశాం. అది మేం అనుకున్నట్టు తేలలేదు. జనాభా అనే మాటను కాసేపు పక్కన పెడితేనే ఈ నవల సరిగ్గా అర్థమవుతుందని అప్పటినుంచీ నా నమ్మకం.

ముందు కథ జరిగే లోకం ఎలా ఉంటుందో చెప్పాలి. మనం ఫొటోలు దాచుకునే క్లౌడ్ పెరిగి పెరిగి థండర్‌హెడ్ అనే మహాబుద్ధిగా మారింది. ప్రభుత్వాలన్నీ పోయి పాలన దాని చేతికి వచ్చింది. ఆశ్చర్యం ఏమిటంటే అది మంచిది. ఇలాంటి కథల్లో మనుషుల మీద తిరగబడే యంత్రం ఒకటి ఉంటుందని ఎదురుచూస్తాం. ఇక్కడది ఆకలిని, రోగాన్ని, యుద్ధాన్ని లేకుండా చేసి అందరినీ కంటికి రెప్పలా చూసుకుంటూ ఉంటుంది. మేడ మీదనుంచి పడి చచ్చినా ఆస్పత్రికి తీసుకెళ్లి మళ్లీ బతికిస్తారు. కుర్రాళ్లు సరదా కోసం దూకుతుంటారు కూడా. ముసలితనం వస్తే వయసును వెనక్కి తిప్పుకుని మళ్లీ ఇరవైల్లోకి రావచ్చు. ఆదిపర్వంలో యయాతి కొడుకు పూరుడి దగ్గర యౌవనం అప్పు తీసుకున్నాడు. ఇక్కడ ఎవరి దగ్గరా తీసుకోనక్కర్లేదు, ఎన్నిసార్లైనా తిరిగి కుర్రవాళ్లు కావచ్చు.

ఇంత చేసిన థండర్‌హెడ్‌కి ఒక్క పని మాత్రం అప్పగించలేదు. ఎవరు చావాలో నిర్ణయించే పని. దానికోసం మనుషుల్లోంచే కొందరిని తీసుకుని సైద్‌లు, అంటే కొడవళ్లు, అని పేరు పెట్టారు. వాళ్లు చంపడాన్ని చంపడం అనరు, ఏరివేత అంటారు. వాళ్లు ఏరినవాళ్లను ఏ ఆస్పత్రీ తిరిగి బతికించదు. వాళ్లకు పది ఆజ్ఞలుంటాయి. పక్షపాతం, ద్వేషం లేకుండా చంపాలి. పెళ్లి, పిల్లలు ఉండకూడదు. అంగీ, ఉంగరం, డైరీ తప్ప సొంత ఆస్తి ఉండకూడదు. ఇవన్నీ సన్యాసుల నియమాల్లా గంభీరంగానే ఉంటాయి. పదో ఆజ్ఞ దగ్గరే మతలబు ఉంది. ఈ పది తప్ప సైద్‌లను కట్టడి చేసే చట్టం ఇంకేదీ లేదు. థండర్‌హెడ్ కూడా వాళ్ల జోలికి వెళ్లడానికి వీల్లేదు.

ఇక మా లెక్క. వంద మందితో, అంటే యాభై జంటలతో మొదలుపెడదాం. తేలిగ్గా ఉండడానికి ఆడా మగా సమానమని, తరానికి పాతికేళ్లని అనుకుందాం. ఎవరూ చావరు. జంటకి ఇద్దరు పిల్లలు. పాతికేళ్లకి ఇంకో వంద మంది చేరతారు. ఆ కొత్త వందా పెళ్లిళ్లు చేసుకుని ఇద్దరేసి పిల్లల్ని కంటే మళ్లీ వంద. నూరేళ్లకి 500 అవుతారు, వెయ్యేళ్లకి 4,100. పెరుగుదల ఉంది గానీ ప్రతి తరంలోనూ ఒకే మోతాదు. జంటకి ముగ్గురైతే సంగతి వేరు. ఆ వంద మందీ 250 ఏళ్లు తిరిగేసరికి 17,000 దాటిపోతారు. ఇద్దరు పిల్లల లెక్కలో అదే 250 ఏళ్లకి 1,100 మంది మాత్రమే. రెండు లెక్కల్లోనూ చావు సున్నాయే. అయినా జంటకి ఒక్క బిడ్డ తేడాతో ఒకటి కొండ, ఇంకొకటి గుట్ట.

ఇప్పుడు మన రాష్ట్రం అంకె పెట్టి చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. 1992-93లో అది 2.6 దగ్గర ఉండేది. 1.7తో వందకి 85, ఆ 85కి 72, ఆ 72కి 61, అలా ప్రతి తరం ముందుదాని కంటే చిన్నదవుతూ పోతుంది. మొదటి వంద నుంచి చివరిదాకా అందరినీ కూడినా మొత్తం 667 దాటదు. పది వేల ఏళ్లైనా సరే, ఒక్కరు కూడా చావకపోయినా సరే. మా మేనకోడలు ఈ అంకె నమ్మలేదు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి పదిహేను తరాల దాకా కూడి చూసింది. 600 దాటింది గానీ 667కి చేరలేదు.

అంటే చావు లేనంతమాత్రాన భూమి నిండిపోదు. నవలలోని లోకం నిండడానికి కారణం ఇంకొకటి ఉంది. అక్కడ పోయింది చావు ఒక్కటే కాదు, వయసు కూడా పోయింది. మన లెక్కలో ఒక జంట పిల్లల్ని కనే కాలం ఒక్కసారే వస్తుంది. ఇరవైల్లోకి తిరిగొచ్చే మనిషికి ఆ కాలం ఎప్పటికీ అయిపోదు. ప్రతి జంటా నూరేళ్లకి ఒక్క బిడ్డను కన్నా చాలు, జనం నూరేళ్లకి ఒకటిన్నర రెట్లవుతారు, వెయ్యేళ్లకి 57 రెట్లు. మన నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండగలో ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె అని దేని కోరిక దానికి రొట్టె మార్చుకుంటారు కదా. ఆ లోకంలో ఆరోగ్య రొట్టె అడిగేవాళ్లే ఉండరు. సంతాన రొట్టె మాత్రం ఒకే మనిషి ప్రతి శతాబ్దంలోనూ వచ్చి అడగొచ్చు.

ఇక్కడే నవలకి ఎదురు ప్రశ్న వేయాలి. సమస్య పుట్టుకల వైపు ఉంటే పరిష్కారం చావుల వైపు ఎందుకు వెతికారు? వయసు వెనక్కి తిప్పుకున్నవాళ్లు మళ్లీ పిల్లల్ని కనకూడదని ఒక్క నియమం పెడితే సరిపోయేది. మొదటి భాగంలో రచయిత దీని జోలికి పెద్దగా పోడు. లోపమే అనుకున్నా నేను, మిగతా రెండు భాగాలు చదివేదాకా.

పుట్టుకల మీద నియమం పెడితే ఎలా ఉంటుందో మనకు బాగా తెలుసు. 1976-77లో ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. అందులో 60 లక్షలకు పైగా మగవాళ్లవి. టార్గెట్ కేంద్రం నుంచి రాష్ట్రానికి, అక్కడినుంచి జిల్లాకి, చివరికి బడిపంతుళ్ల దాకా దిగింది. కేసులు తేకపోతే జీతం ఆగిపోయిన చోట్లున్నాయి. అలాంటప్పుడు తెచ్చేవాడు ఎవరిని తెస్తాడు? ఎదురు చెప్పలేనివాణ్ని తెస్తాడు. అలాంటి టార్గెట్లను కేంద్రం 1996లో గానీ ఎత్తెయ్యలేదు. ఎమర్జెన్సీ దెబ్బకి మగవాళ్లు ఆ ఆపరేషన్ పేరెత్తితేనే పారిపోయారు, భారం ఆడవాళ్ల మీద పడింది. అదే 2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. నవలలో పక్షపాతం లేకుండా చంపాలనే ఆజ్ఞ చదువుతుంటే నాకు ఈ అంకెలే గుర్తొచ్చాయి. ఆడవాళ్లనే పట్టుకోండని ఏ జీవోలోనూ రాసి ఉండదు.

ఇద్దరు పిల్లల నిబంధన సంగతి కూడా చూడండి. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994 పంచాయతీరాజ్ చట్టంలో పెట్టారు. ముప్పై ఏళ్లలో గాలి అటు నుంచి ఇటు తిరిగింది. జననాల రేటు పడిపోతోందని, ముసలివాళ్లు ఎక్కువైపోతారని 2024 నవంబరులో శాసనసభే దాన్ని తీసేసింది. అప్పట్లో మూడో బిడ్డ పుట్టిందని వార్డు మెంబరు పదవి వదులుకున్నవాళ్లకి ఇప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియదు. కానీ కనీసం నిబంధన మారింది. పెట్టినవాళ్లే తీసేయగలిగారు. సైద్‌ల వ్యవస్థలో అలా తీసేసే చెయ్యి లేదు. అవసరం తీరిపోయిందని చెప్పే అధికారం వాళ్లకి తప్ప ఎవరికీ లేదు. తమ అవసరం తీరిపోయిందని చెప్పుకునే ఆఫీసును నేనైతే ఇంతవరకు చూడలేదు.

కోటా దగ్గరికి వస్తే నవల చిక్కబడుతుంది. ఒక్కో సైద్ ఏడాదికి 260 మందిని ఏరాలి. వారానికి ఐదుగురు. అంటే శని, ఆదివారాలు సెలవా అని కథలో ఒక కుర్రాడే వెటకారంగా అడుగుతాడు. ఈ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే మన జిల్లాకి పెట్టి చూద్దాం. పాత నెల్లూరు జిల్లా జనాభా 2011 లెక్కల్లో దాదాపు 30 లక్షలు. వెయ్యికి ఆరేడుగురు పోతారనుకుంటే ఏడాదికి ఓ 20 వేల మంది. మామూలుగా జరిగే ఆ చావులన్నీ సైద్‌ల చేతి మీదుగానే జరగాలంటే జిల్లాకి 70, 80 మంది సైద్‌లు కావాలి. ఆర్డీవోల కంటే, తహసీల్దార్ల కంటే ఎక్కువ. నవలలో అంతమంది అక్కర్లేదు, ఎందుకంటే వాళ్ల పని పెరుగుదల వేగాన్ని తగ్గించడమే. అయినా ఊరికి ఒకరిద్దరున్నా చాలు, ఊరి నడవడి మారిపోతుంది.

ఎలా మారుతుందో రచయిత బాగా పట్టుకున్నాడు. సైద్ ఉంగరానికి ముద్దు పెట్టుకోనిస్తే ఆ మనిషికి ఏడాదిపాటు ఎవరూ ఏరరనే అభయం. చావుకి ఒప్పుకున్నవాడి కుటుంబానికి కూడా ఏడాది అభయం దొరుకుతుంది. ఎదురు తిరిగితే అతనితోపాటు ఇంట్లోవాళ్లు కూడా పోతారు. ఇంకేముంది, సైద్ కనిపిస్తే చాలు, జనవరి ఒకటిన నిమ్మకాయ పట్టుకుని ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడినట్టు నిలబడతారు. షాపులో డబ్బు తీసుకోరు. హోటల్లో అందరికంటే ముందు వడ్డిస్తారు. ఎవరూ లంచం అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. భయం తన పని తాను చేసుకుపోతుంది.

ఎవరిని ఏరాలన్నది ఒక్కో సైద్ ఒక్కోలా తేలుస్తాడు. ఫారడే అనే పెద్దాయన చాలా నిజాయితీపరుడు. పాతకాలంలో జనం ఏ వయసులో, ఏ కారణంతో పోయేవాళ్లో ఆ రికార్డులు తిరగేసి, అదే పాళ్లలో ఇప్పుడు మనుషుల్ని ఎంచుకుంటాడు. తాగి బండి నడిపి పోయేవాళ్లు అప్పట్లో ఇంతమంది ఉండేవారు, కాబట్టి అలాంటి కుర్రాణ్ని ఒకణ్ని. వినడానికి ఇంతకంటే న్యాయం ఉండదనిపిస్తుంది. చదివేవాళ్లలో ఎక్కువమంది ఫారడే పక్షమే.

నేను కాదు. పాత చావుల రికార్డు ఎప్పుడూ సమానంగా లేదు. మన పాత నెల్లూరు, ప్రకాశం జిల్లాల చావుల రికార్డునే నమూనాగా తీసుకున్నారనుకోండి. అందులో ఎవరుంటారు? హైవే మీద లారీ కింద పడ్డ టూవీలర్ కుర్రాళ్లు, పొలంలో పాము కరిచిన కూలీలు, తుపానుకి వేట నుంచి తిరిగి రాని మత్స్యకారులు, కాన్పులో పోయిన తల్లులు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగి, సగం జీవితం మంచంలో గడిపి పోయినవాళ్లు. వీళ్లలో ఏ చావూ ప్రకృతి ధర్మం కాదు. రోడ్డు సరిగ్గా లేకనో, ఆస్పత్రి దగ్గర్లో లేకనో, మంచినీళ్లు రాకనో జరిగినవి. ఆ పాళ్లనే కొత్త లోకంలో తు.చ. తప్పకుండా పాటిస్తే పాత అన్యాయానికి గణాంకం అని పేరు పెట్టి కొనసాగించినట్టే. ఫారడే దుర్మార్గుడు కాదు. చిత్రగుప్తుడి చిట్టాలా పుస్తకంలో ఉన్నదే చూస్తాడు, అది ఎలా రాయబడిందో చూడడు.

క్యూరీ అనే ఇంకో సైద్ పద్ధతి వేరు. బతుకు మీద ఆసక్తి పోయి ఈసురోమని ఉన్నవాళ్లను ఎంచుకుంటుంది. ఇందులో దయ ఉంది, ప్రమాదమూ ఉంది. ఈసురోమని ఉన్నాడని తేల్చేది ఎవరు? మా వీధిలో అరుగు మీద రోజంతా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునే తాతలున్నారు. పలకరిస్తే ఎప్పటిదో పెన్నా వరద దగ్గర మొదలుపెట్టి సాయంత్రం దాకా వదలరు. మూడోవాడు గొడార్డ్. చంపడం అతనికి సరదా. విమానంలో ఉన్నవాళ్లందరినీ ఒకేసారి, ఆఫీసులో ఉన్నవాళ్లందరినీ ఒకేసారి ఏరేస్తాడు. కోటాయే తీసేయాలంటాడు. నవల మొత్తంలో తేలిగ్గా అర్థమయ్యేది అతనే, అందుకే అతని గురించి ఎక్కువ చెప్పుకోవలసింది లేదు.

చెప్పుకోవలసింది సిట్రా, రోవన్ గురించి. ఈ ఇద్దరు టీనేజర్లను ఫారడే శిష్యులుగా తీసుకుంటాడు. ఎందుకు వాళ్లనే? ఆ ఉద్యోగం వాళ్లకి అక్కర్లేదు కాబట్టి. చంపడానికి ఇష్టపడనివాడే చంపడానికి అర్హుడని అతని సూత్రం. ఇది చదవగానే మహాభారతంలో మృత్యుదేవత కథ గుర్తుకొచ్చింది నాకు. ఈ కథ మనలో చాలామందికి తెలియదు, యముడి కథలే ఎక్కువగా తెలుసు. అభిమన్యుడు పోయి ధర్మరాజు ఏడుస్తుంటే, చావు అసలు ఎక్కడినుంచి వచ్చిందని అడిగినప్పుడు వ్యాసుడు చెప్పే కథ. ద్రోణపర్వంలో ఉంది, శాంతిపర్వంలో మళ్లీ వస్తుంది. ఈ రెండు పర్వాలనూ తెలుగు చేసిన తిక్కన మన నెల్లూరులోనే, మనుమసిద్ధి కొలువులో ఉన్నాడు కాబట్టి ఆ చనువుతో చెబుతున్నాను.

సృష్టి మొదట్లో చావు లేదు. ప్రాణులు పెరిగి పెరిగి భూమి బరువు మోయలేకపోయింది. బ్రహ్మకి ఏం చేయాలో తోచక కోపం వచ్చింది, ఆ కోపం మంటై లోకాన్ని కాల్చసాగింది. శివుడు అడ్డుపడి శాంతించమన్నాడు. ఆ కోపాన్ని బ్రహ్మ లోపలికి తీసుకున్నప్పుడు అతని ఒంట్లోంచి ఒక స్త్రీ పుట్టింది. ఆమే మృత్యువు. ప్రాణుల్ని సంహరించమన్నాడు. ఆమె ఏడ్చింది. పిల్లల్ని, తల్లుల్ని, తండ్రుల్ని నేనెలా చంపను, వాళ్ల ఏడుపు నన్నెలా వదులుతుంది అంది. ఆ పని తప్పించుకోవడానికి ఎక్కడెక్కడికో పోయి వేల ఏళ్లు తపస్సు చేసింది. బ్రహ్మ వదల్లేదు. ఆమె కన్నీళ్లను అతను చేతుల్లో పట్టుకున్నాడు, ఆ కన్నీళ్లే రోగాలయ్యాయి. ప్రాణుల్ని అవే తీసుకుపోతాయి, నీకు అధర్మం అంటదు అని అభయమిచ్చాడు.

జనాభా పెరగడం, దానికి జవాబుగా చంపే పదవిని సృష్టించడం, ఆ పదవి వద్దని ఏడ్చేవాళ్లకే దాన్ని కట్టబెట్టడం. నవలలో ఉన్నదంతా ఇక్కడ ఉంది. తేడా ఏమిటంటే మన కథలో మృత్యువు ఎవరినీ ఎంచుకోదు. ఎంచుకునే భారం ఆమె మీదనుంచి తీసేశారు. సిట్రా, రోవన్‌లకు ఆ వెసులుబాటు లేదు. ప్రతిసారీ ఒక ముఖాన్ని చూసి, ఒక తలుపు కొట్టి, ఈ ఇంట్లో ఈ మనిషి అని వాళ్లే తేల్చాలి. ఇష్టం లేకపోవడం ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే మొదటి భాగం కథ. రోవన్‌ని గొడార్డ్ శిక్షణలో పెట్టాక ఏమవుతుందో చదివినవాళ్లకు తెలుసు. ఇష్టం లేనివాడికి కూడా చెయ్యి తిరుగుతుంది. చెయ్యి తిరిగాక ఇష్టం లేకపోవడానికి అర్థం మారిపోతుంది.

ఇక్కడినుంచి రెండు, మూడు భాగాల విషయాలు వస్తాయి. చదవాలనుకునేవాళ్లు ఆగిపోవచ్చు.

2018లో రెండో భాగం, 2019లో మూడోది వచ్చాయి. జనాన్ని చంద్రుడి మీదకో, అంగారకుడి మీదకో ఎందుకు పంపలేదన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరుకుతుంది. ప్రయత్నాలు జరిగాయి. చంద్రుడి మీద కాలనీ నాశనమైంది, అంగారకుడి మీదదీ అంతే. ప్రమాదాలని అందరూ నమ్మారు. వాటి వెనక ఉన్నది సైద్‌లే. జనం పట్టడానికి వేరే చోటు దొరికితే ఏరేవాళ్లతో పని ఉండదు కదా. మొదటి భాగంలో లోపం అనుకున్నది ఇలా తేలింది. జనాభా సమస్య తీరకుండా చూసుకున్నది ఆ సమస్య కోసం పుట్టిన వ్యవస్థే. పుట్టుకల మీద నియమం ఎందుకు రాలేదో రచయిత విప్పి చెప్పడు గానీ, చంద్రుణ్ని కూల్చినవాళ్లు దాన్ని మాత్రం రానిస్తారా?

సైద్‌లు ఇలా తయారవుతారేమోనని మొదటి తరం సైద్‌లలో కొందరు ముందే అనుమానించారు. ఒకవేళ వ్యవస్థ చెడిపోతే వాడమని ఒక ఉపాయం దాచిపెట్టారు. మూడో భాగం చివర ఆ ఉపాయం బయటికి వస్తుంది. అదేమిటంటే రోగాలు. థండర్‌హెడ్ లేకుండా చేసిన రోగాల్నే మళ్లీ లోకం మీదికి వదులుతారు. ఎవరూ ఎవరినీ ఏరరు, ఎవరికి ఏది తగిలితే అది. బ్రహ్మ చేతుల్లో పట్టుకున్న కన్నీళ్ల దగ్గరికే షుస్టర్‌మన్ కూడా చేరుకున్నాడు. అతను భారతం చదివాడని నేననడం లేదు.

మా మేనకోడలికి ఈ ముగింపు నచ్చలేదు. ఇన్ని పేజీలు చదివించి చివరికి క్యాన్సరూ జ్వరాలూ తిరిగి తెప్పిస్తే ఇంక ఏం సాధించినట్టు అని దాని కోపం. ఫ్లోరైడ్ విషయంలో నేను ఫారడే మీద వేసిన తప్పే ఈ ముగింపు మీద కూడా వేయాలంటుంది. గుడ్డి రోగం మాత్రం అందరినీ సమానంగా చూస్తుందా, ఆస్పత్రికి దగ్గర్లో ఉన్నవాడు బతకడా, దూరంగా ఉన్నవాడు పోడా అని అడిగింది. థండర్‌హెడ్ లోకంలో ఆస్పత్రి అందరికీ ఒకే దూరంలో ఉంటుందని చెప్పాను. మన జిల్లా మారుమూల ఉదయగిరిలో ఉండదు కదా అంది.